పోలరైజేషన్ ట్రాన్స్‌ఫర్: పదేళ్లు వాడాక

పదేళ్లుగా నా పనంతా ఒక్క నిష్పత్తి చుట్టూనే తిరుగుతోంది. ప్రోటాన్ లోపల విద్యుదావేశం ఎలా పరుచుకుని ఉందో చెప్పే ఫామ్ ఫ్యాక్టర్ జీఈ. అయస్కాంతత్వం ఎలా పరుచుకుని ఉందో చెప్పేది జీఎం. జీఈని జీఎంతో భాగిస్తే ఎంత వస్తుంది? దీన్ని కొలవడానికి నేను వాడేది పోలరైజేషన్ ట్రాన్స్‌ఫర్ పద్ధతి. స్పిన్‌లు (కణాలకు సహజంగా ఉండే, తిరగడం లాంటి గుణం) ఒకే దిశలో ఉన్న ఎలక్ట్రాన్లను ద్రవ హైడ్రోజన్ మీదికి పంపుతాం. దెబ్బ తిన్న ప్రోటాన్ ఆ స్పిన్‌లో ఎంత పట్టుకుని బయటికొచ్చిందో చూస్తాం.

పాత పద్ధతిని కూడా కొంతకాలం వాడాను కాబట్టి ముందు తేడా చెప్పాలి. 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో భౌతిక శాస్త్రవేత్త హాఫ్‌స్టాటర్ ప్రోటాన్ ఒక బిందువు కాదని, దానికి పరిమాణం ఉందని ఎలక్ట్రాన్లతోనే చూపించాడు. 1961లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అందరూ రోజెన్‌బ్లూత్ పద్ధతిలోనే జీఈని విడదీశారు. అందులో వేర్వేరు కోణాల్లో ఎన్ని ఎలక్ట్రాన్లు చెదిరాయో లెక్కపెట్టాలి. చిక్కేమిటంటే, ప్రోటాన్‌కు తగిలే దెబ్బ (క్యూ స్క్వేర్) పెరిగేకొద్దీ లెక్కంతా జీఎందే అయిపోతుంది. జీఈ వాటా కొద్ది శాతానికి పడిపోతుంది. డిటెక్టర్ సామర్థ్యం ఒక్క శాతం అటూ ఇటూ అయినా చాలు, జవాబే మారిపోతుంది.

స్పిన్ పద్ధతిలో ఈ బాధ లేదు. దీన్ని అఖియేజర్, రెకాలో అనే భౌతిక శాస్త్రవేత్తలు 1968లోనే సూచించారు. స్పిన్‌లు ఒకే దిశలో ఉన్న మంచి ఎలక్ట్రాన్ బీమ్‌లు వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ప్రోటాన్‌కు అందిన స్పిన్‌లో అడ్డ భాగాన్ని, నిలువు భాగాన్ని కాదు, ప్రయాణ దిశలో ఉన్న భాగంతో భాగిస్తే జీఈ, జీఎం నిష్పత్తి నేరుగా వచ్చేస్తుంది. బీమ్ పోలరైజేషన్ (స్పిన్‌లు ఎంత మేరకు ఒకే దిశలో ఉన్నాయన్నది) 80 శాతమా 85 శాతమా అన్నది పైనా కిందా ఒకేలా ఉండి కొట్టుకుపోతుంది. ప్రోటాన్ స్పిన్‌ను కొలిచే పోలరిమీటర్ ఎంత బాగా పనిచేస్తుందన్నదీ అంతే.

ఇది ఎంత నిజమో నాకు ఒక తప్పు వల్ల తెలిసింది. ఎలక్ట్రాన్లు పుట్టేది గాలియం ఆర్సెనైడ్ స్ఫటికం మీద లేజర్ పడినప్పుడు. ఆ లేజర్ దారిలో అప్పుడప్పుడు ఒక హాఫ్ వేవ్ ప్లేట్ పెడతారు. అది పెడితే బీమ్ స్పిన్ గుర్తు మొత్తం తిరగబడుతుంది. దొంగ సంకేతాలను పట్టుకోవడానికే ఈ ఏర్పాటు. నా పట్టికలో కొన్ని రన్‌లకు (ఒక్కో విడత డేటా సేకరణకు) ప్లేట్ ఉన్నట్టు రాయాల్సిన చోట లేనట్టు రాశాను. ఆ రన్‌లు వ్యతిరేక గుర్తుతో కలిసి సంకేతాన్ని తినేశాయి. డేటా నుంచి లెక్కగట్టిన బీమ్ పోలరైజేషన్, దాన్ని విడిగా కొలిచే మోలర్ పోలరిమీటర్ చెప్పినదానికన్నా బాగా తక్కువ రావడంతో టెన్షన్ మొదలైంది. వారం వెతికితే దొరికింది. సరిచేశాక చూస్తే నిష్పత్తి పాత ఎర్రర్ బార్ (కొలతలో అనిశ్చితి) లోపలే ఉంది, ఎర్రర్ బార్ మాత్రం తగ్గింది. ఆ రోజు నుంచి ఈ పద్ధతి మీద నాకు నమ్మకం పెరిగింది.

చూడటానికి కూడా అందంగా ఉంటుంది. బయటికొచ్చిన ప్రోటాన్‌ను కార్బన్ దిమ్మెలోకి పంపి, అది ఏ వైపుకు చెదిరిందో చుట్టూ 360 డిగ్రీల హిస్టోగ్రామ్‌గా గీస్తాం. ప్లస్ స్పిన్ గ్రాఫ్ లోంచి మైనస్ స్పిన్ గ్రాఫ్‌ను తీసేస్తే, గతుకులన్నీ పోయి ఒక చక్కటి అల మిగులుతుంది. ఆ అల ఎంత పక్కకి జరిగిందన్న దానిలోనే మన జవాబు ఉంది. ఎన్నిసార్లు చూసినా అక్కడ కాసేపు ఆగిపోతాను.

ఇక ఇబ్బందులు. మొదటిది, కార్బన్‌లోకి వెళ్లిన ప్రోటాన్లలో ఎక్కువ భాగం దాదాపు నేరుగా దూసుకుపోతాయి. వాటి వల్ల ఉపయోగం లేదు. అందుకే బీమ్ టైమ్ చాలా కావాలి. రెండోది ఇంకా పెద్దది. ప్రయాణ దిశలో ఉన్న స్పిన్ కార్బన్‌కు కనబడదు. ప్రోటాన్ దారిని వంచి కొలిచే స్పెక్ట్రోమీటర్ అయస్కాంతంలో స్పిన్ తిరిగి పక్కకి వస్తేనే కనబడుతుంది. 45 డిగ్రీలు వంచే అయస్కాంతంలో, క్యూ స్క్వేర్ సుమారు 2.2 జీఈవీ స్క్వేర్ దగ్గర, స్పిన్ సరిగ్గా 180 డిగ్రీలు తిరుగుతుంది. అంటే మళ్లీ ప్రయాణ రేఖ మీదికే వచ్చి దాక్కుంటుంది. ఈ చుట్టుపక్కల కొలవాలనుకునేవాళ్లు ముందే లెక్క వేసుకోవాలి. కణాలను ఒకచోటికి కూర్చే క్వాడ్రుపోల్ అయస్కాంతాలు స్పిన్ భాగాలను కలగాపులగం చేస్తాయి కూడా. నా సమయంలో సగం ఆ ముడి విప్పడానికే పోయింది.

అయినా ఇచ్చిన ఫలితం ముందు ఇవి చిన్నవే. రోజెన్‌బ్లూత్ కొలతల్లో, ప్రోటాన్ అయస్కాంత భ్రామకంతో గుణించిన ఈ నిష్పత్తి ఎప్పుడూ 1 దగ్గరే ఉండేది. 2000లో అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్ ఇదే పద్ధతితో ఇచ్చిన ఫలితాల్లో అది 3.5 జీఈవీ స్క్వేర్ దగ్గర సుమారు 0.6కు పడిపోయింది. తర్వాత 8.5 వరకు వెళ్లినప్పుడు ఇంకా దిగింది. ఆవేశం, అయస్కాంతత్వం ప్రోటాన్‌లో ఒకేలా పరుచుకుని లేవన్నమాట. రెండు పద్ధతులకూ తేడా ఎందుకన్నదానికి ఎక్కువమంది చెప్పే కారణం రెండు ఫోటాన్ల మార్పిడి, అంటే ఎలక్ట్రాన్, ప్రోటాన్ ఒకటికి బదులు రెండు కాంతి కణాలను ఇచ్చిపుచ్చుకోవడం. అది పాత పద్ధతిని బాగా కదిలిస్తుంది, స్పిన్ నిష్పత్తిని కొద్దిగానే.

జీఎం మాత్రమే కావాలంటే పాత పద్ధతే వాడండి, శ్రమ తక్కువ. ఎక్కువ క్యూ స్క్వేర్‌లో జీఈ కావాలంటే మాత్రం ఇదే వాడండి. ప్లేట్ ఉందో లేదో మాత్రం ప్రతి రన్‌కూ లాగ్‌బుక్‌లో ఇద్దరు చూసి రాయండి.