ల్యాబ్ చూసి చేర్పించాం, పరీక్ష గురించి అడగలేదు

2015లో బెంగళూరులోని ఈ బ్రిటిష్ సిలబస్ స్కూలుకు అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు స్కూలువాళ్లు మమ్మల్ని ముందుగా సైన్స్ ల్యాబుకు తీసుకెళ్లారు. అద్దాల బీరువాలు, వరసగా బ్యూరెట్లు (ద్రావణాన్ని చుక్కలుగా వదిలే కొలత గొట్టాలు), ప్రతి బల్లకూ నీళ్ల కుళాయి. తెనాలిలో నేను చదివిన హైస్కూల్లో ల్యాబ్ తాళం ఏడాదికి రెండుసార్లు తీస్తే గొప్ప. ఆ గదిలో నిలబడగానే మా ఆయనా నేనూ నిర్ణయానికి వచ్చేశాం. అప్పుడు మా అమ్మాయికి ఏడేళ్లు. ఇప్పుడు 'ఏ లెవెల్' (మన ఇంటర్ లాంటిది) చివరి సంవత్సరంలో ఉంది. అబ్బాయి అదే స్కూల్లో ఇయర్ 9, అంటే మన లెక్కలో ఎనిమిదో తరగతి.

వర్తూరు, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు ఉండే తెలుగువాళ్లు అడ్మిషన్ల కాలం వచ్చిందంటే ఫోను చేస్తారు. "బ్రిటిష్ సిలబస్‌లో వేయమంటారా?" అని అడుగుతారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

చిన్న తరగతుల గురించి నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ర్యాంకులు లేవు, వల్లె వేయడం లేదు. "నువ్వెందుకు అలా అనుకుంటున్నావు?" అన్న ప్రశ్నకు మా పాప ఎనిమిదేళ్లకే నాలుగు వాక్యాలు సొంతంగా రాసేది. నాకు ఆ పని డిగ్రీలో కూడా రాలేదు. ఇయర్ 6 చివర ఒకసారి, ఇయర్ 9 చివర మరోసారి ఈ సిలబస్ నడిపే కేంబ్రిడ్జి బోర్డు చెక్‌పాయింట్ పరీక్షలు ఉంటాయి. వాటి రిపోర్టులో మొత్తం మార్కులే కాదు, సబ్జెక్టులో ఏ భాగం బలహీనంగా ఉందో కూడా ఉంటుంది. మా వాడికి లెక్కల్లో జామెట్రీ దగ్గర గండి ఉందని దాంతోనే తెలిసింది.

అసలు సంగతి ఐజీసీఎస్ఈ పరీక్ష దగ్గర మొదలవుతుంది. ఇయర్ 10, 11, అంటే మన తొమ్మిది, పది. సైన్స్‌లో ప్రయోగాల భాగానికి రెండు దారులున్నాయి. పేపర్ 5 అయితే పిల్లలు ల్యాబులో నిలబడి చేతులతో ప్రయోగం చేయాలి. పేపర్ 6 అయితే పరికరాల బొమ్మా రీడింగులూ కాగితం మీదే ఇస్తారు, బెంచీ మీద కూర్చుని జవాబు రాస్తే సరిపోతుంది. రెండింటి విలువా ఒకటే. మా స్కూలు పేపర్ 6 ఎంచుకుంది. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. 2024 మార్చిలో రాసిన పరీక్షలో మా అమ్మాయికి కెమిస్ట్రీలో ఏ స్టార్ వచ్చింది, ఇంటిల్లిపాదీ పొంగిపోయాం. అదే సంవత్సరం ఏ లెవెల్‌లో చేరాక తెలిసింది, అక్కడ పేపర్ 3 ల్యాబులోనే రాయాలని, దానికి వేరే దారి లేదని. మొదటి టైట్రేషన్ (బ్యూరెట్‌తో చేసే ప్రయోగం) రోజు సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి, "అమ్మా, బ్యూరెట్ కుళాయి ఎంత తిప్పాలో నాకు తెలియలేదు" అని ఏడ్చింది. కెమిస్ట్రీలో ఏ స్టార్ తెచ్చుకున్న పిల్ల! 2015లో మాకు చూపించిన బ్యూరెట్లే అవి. తొమ్మిదేళ్లు బీరువాలో ఉన్నాయి.

ఆ టర్మంతా శనివారాలు స్కూల్లో ఆగి నేర్చుకుంది. నేర్పింది కొత్తగా వచ్చిన కెమిస్ట్రీ టీచరు. ఆవిడ లేకపోతే మా అమ్మాయి సబ్జెక్టే మార్చుకునేది. అంతకుముందు ఇయర్ 10, 11 రెండేళ్లలో కెమిస్ట్రీకి ముగ్గురు టీచర్లు మారారు. ఈ సిలబస్‌లో టీచరు మారడం మామూలు నష్టం కాదు, ఎందుకో చెబుతాను. ఉష్ణోగ్రత పెరిగితే రసాయన చర్య వేగం ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు 'కణాలు ఎక్కువసార్లు ఢీకొంటాయి' అని రాసి మా అమ్మాయి మార్కు పోగొట్టుకుంది. 'ఒక సెకనులో ఎక్కువసార్లు' అన్న భావం జవాబులో కనబడాలి. ఆ తేడా పిల్లలకు పట్టించాలంటే పాత ప్రశ్నపత్రాలూ మార్కుల పద్ధతీ ఏళ్ల తరబడి చూసిన కన్ను కావాలి. అందుకే భవనం చూడకండి, పెద్ద తరగతుల టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారో అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే అదే జవాబు అనుకోండి.

కాలేజీ విషయం ఇంకా ముఖ్యం. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఏ లెవెల్‌ను ఇంటర్‌తో సమానంగా గుర్తిస్తుంది, ఆ భయం వద్దు. కానీ ఏ లెవెల్ పిల్లలు మామూలుగా మూడు సబ్జెక్టులే తీసుకుంటారు. జేఈఈ మెయిన్‌కు పన్నెండో తరగతి స్థాయిలో ఐదు ఉండాలి, వాటిలో ఒకటి భాష. ఈ మాట మాకు ఇయర్ 12 (ఏ లెవెల్ మొదటి ఏడు) సగంలో తెలిసింది, అదీ సాటి తల్లి ఒకావిడ చెబితే. హడావిడిగా ఏఎస్ లెవెల్ (ఏ లెవెల్‌లో సగం) ఇంగ్లీషు, కంప్యూటర్ సైన్స్ కలిపాం. ఆ ఏడు నెలలు పిల్ల నిద్రపోయింది తక్కువ. పైగా జూన్ సిరీస్ (జూన్ విడత) పరీక్షల ఫలితాలు ఆగస్టులో వస్తాయి, అప్పటికి ఇక్కడ కౌన్సెలింగ్ చాలావరకు అయిపోతుంది. మార్చి సిరీస్ కేంబ్రిడ్జివాళ్లు మన దేశం కోసమే పెట్టారు, దాని ఫలితాలు మేలోనే వస్తాయి. మీ స్కూలు ఏ సిరీస్‌లో రాయిస్తుందో అడ్మిషన్ ఫారం నింపే ముందే తెలుసుకోండి. పిల్ల విదేశానికే వెళ్తుందని గట్టిగా అనుకున్నవాళ్లకు ఈ బాధ లేదు. మాలాగా ఇక్కడి నాలుగు కాలేజీలు మనసులో పెట్టుకున్నవాళ్లకు ఉంది.

ఫీజు: చేరినప్పుడు ఏడాదికి రెండున్నర లక్షలు, ఇప్పుడు అమ్మాయికి ఆరు దాటింది. బస్సు, పరీక్ష ఫీజు వేరు. పరీక్ష ఫీజు సబ్జెక్టుకు ఇంత అని కట్టాలి.

తెలుగు మా స్కూల్లో లేదు. హిందీ, ఫ్రెంచ్ ఉన్నాయి, కన్నడ నేర్పారు, అది మంచిదే. తెలుగు మాత్రం మా అత్తగారు ఆదివారాలు పలక మీద దిద్దించారు. ఆవిడ మూడేళ్ల కిందట తెనాలి వెళ్లిపోయాక మా వాడికి వత్తులు దగ్గరే ఆగిపోయాయి. ఈ లోటు స్కూలుది కాదు, నాది. కానీ మీరూ ముందే ఆలోచించుకోండి.

మా వాడిని మారుస్తారా అని చాలామంది అడిగారు. మార్చడం లేదు. వాడు అడిగే ప్రశ్నలు చూస్తే మార్చబుద్ధి కాదు. కిందటి నవంబరులో పదకొండు మంది తల్లిదండ్రులం కలిసి ప్రిన్సిపాల్‌ను కలిశాం. ఈ జూన్ నుంచి ఇయర్ 10కు కెమిస్ట్రీలో పేపర్ 5 రాయిస్తామని కాగితం మీద రాసిచ్చారు. మా వాడిది ఆ మొదటి బ్యాచే.