హెచ్-ప్రోడక్టా, జేసన్-ఎల్‌డీనా?

వెబ్ పేజీలోని వస్తువు పేరు, ధర యంత్రాలకు అర్థమయ్యేలా చెప్పడానికి మైక్రోఫార్మాట్ల దారి (మామూలు హెచ్‌టీఎంఎల్ క్లాసు పేర్లతోనే అర్థం చెప్పే పద్ధతి; వస్తువులకైతే ‘హెచ్-ప్రోడక్ట్’) చాలా తేలిక. పేజీలో వస్తువు చుట్టూ ఉన్న హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కు ‘హెచ్-ప్రోడక్ట్’ అని, లోపలి ట్యాగ్‌లకు ‘పీ-నేమ్’, ‘పీ-ప్రైస్’ అని క్లాసులు తగిలిస్తే సరి. మన కంటికి కనిపించే ధరనే యంత్రమూ చదువుతుంది. డిజైన్ మార్చేటప్పుడు ఎవరైనా ఆ క్లాసులు పీకేస్తే మాత్రం అంతా గల్లంతు.

జేసన్-ఎల్‌డీ (ఇవే వివరాలను యంత్రాల కోసం డేటాగా రాసే పద్ధతి) స్క్రిప్ట్ ట్యాగ్‌లో విడిగా కూర్చుంటుంది, డిజైన్ జోలికి రాదు. 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి మొదలుపెట్టిన స్కీమా డాట్ ఆర్గ్ పదజాలంతో కరెన్సీ, స్టాక్, రేటింగ్ అన్నీ రాయొచ్చు. చిక్కల్లా పేజీలో ధర తగ్గించి, స్క్రిప్ట్‌లో పాతది వదిలేయడం. (నేనూ చేశాను ఆ పని!) రెండూ ఒకే డేటాబేస్ నుంచి వస్తే ఆ టెన్షన్ ఉండదు. గూగుల్ సిఫారసు కూడా జేసన్-ఎల్‌డీకే కాబట్టి, కొత్త సైట్‌కైతే నా ఓటు దానికే.