మత్తు క్రీము: నాలుగేళ్లు వాడాక

మా పాపకి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు. 21 రోజులకోసారి తెనాలి నుంచి గుంటూరు వచ్చి బ్లడ్ ఎక్కించుకోవాలి. తనకి మూడున్నరేళ్లప్పుడు ఈ క్రీము మొదలుపెట్టాం. ఇప్పటికి దగ్గర దగ్గర 70 సార్లు వాడుంటాం. ఇందులో ఉండేవి లిగ్నోకైన్ 2.5 శాతం, ప్రిలోకైన్ 2.5 శాతం. సూది గుచ్చే చోట చర్మాన్ని మొద్దుబారుస్తది, అంతే. భయం తీసేది కాదు. ఆ సంగతి నాకు తెలిసొచ్చేసరికి ఏడాది పట్టింది.

మొదటిసారి జండూబామ్ రాసినట్టు పలచగా రుద్ది, పది నిమిషాలకే సిస్టర్ దగ్గరికి తీసుకెళ్లా. పాప ఎప్పటిలాగే వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది. "డబ్బులు దండగ" అన్నారు మా అత్తయ్య. తర్వాత ఒక పెద్ద సిస్టర్ చెప్పింది, రుద్దకూడదమ్మా, ముద్దగా పెట్టి పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టర్ అతికించి కనీసం గంట వదిలేయాలి అని. రెండు గంటలుంటే ఇంకా నయం. అప్పట్నుంచి ఇంట్లోనే అతికించి బస్సెక్కుతున్నాం. ప్రయాణం, ఆసుపత్రిలో పేరు రాయించుకోవడం, మంచం కోసం కూర్చోవడం, ఆ టైమంతా క్రీముకే పోతది. వెయిటింగు మాకు ఉపయోగపడేది ఇక్కడొక్కచోటే!

ఇంకో సంగతి. క్రీము తుడిచాక అక్కడ చర్మం తెల్లగా పాలిపోతది, నరం లోపలికి పోయినట్టు ఉంటది. సిస్టర్లకి విసుగు పుట్టేది అందుకే. తుడిచి ఓ పది నిమిషాలు ఆగి, చెయ్యి కిందికి వేలాడేసి, గోరువెచ్చటి గుడ్డ కడితే నరం మళ్లీ తేలుతుంది. పొద్దున్నుంచి పాపకి నీళ్లు బాగా తాగిస్తే కూడా తేడా కనపడుతుంది.

ఒకచోట మాత్రం బాగా దెబ్బతిన్నాం. ఒకరోజు క్రీము రాసిన చోట రెండుసార్లు గుచ్చినా దొరకలా. మూడోసారి మణికట్టు దగ్గర గుచ్చేశారు. పాప ఏడవలేదు. నా మొహంలోకి చూసి "అక్కడ మందు రాయలేదుగా అమ్మా" అంది. అంతకుముందు "అస్సలు నొప్పుండదు" అని చెప్పింది నేనే. ఆ తర్వాత నెలల తరబడి ట్యూబు కనపడితే చేతులు గౌను కింద దాచేసుకునేది. తప్పు క్రీముది కాదు, నా మాటది.

ఇప్పుడు రెండు చేతులకీ పెడుతున్నాం. పిల్లల వయసు, బరువును బట్టి ఎంత రాయాలో లెక్క ఉంటది, అది డాక్టర్నే అడగండి. ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోసే పని దెబ్బతింటది. పసిబిడ్డలకైతే సొంత వైద్యం అసలొద్దు. చర్మం చిట్లినచోట రాయకూడదు. పరీక్షకి రక్తం శాంపిల్ కూడా ఆ రోజే తీస్తుంటే, క్యాన్యులా (బ్లడ్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టేటప్పుడే దాంట్లోంచి తీయమని అడగండి, ఒక పోటు తగ్గుద్ది. రెండుసార్లకి దొరక్కపోతే ఇంకొకరిని పిలవమని కూడా ముందే చెప్పేస్తా. ఒక చోట "మీరు చెబితే మేం నేర్చుకోవాలా?" అన్నారు. అననీండి.

పాపతో మాత్రం "నొక్కినట్టు ఉంటది, మందు లేనిచోటైతే నొప్పెడుతుంది, ఏడవొచ్చు" అని ఉన్నదున్నట్టు చెప్తున్నా. ఏ చెయ్యో తనే చెప్తుంది. పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం మానేశాం, నా ఒళ్లో కూర్చుంటుంది. కోటప్పకొండ తిరనాళ్లలో కొన్న కాగితపు గాలిమర ఒకటుంది, స్పిరిట్ దూది తగలగానే దాన్ని ఊదడం మొదలెడుతుంది. ఫోనులో వీడియో పెడితే సూది టైములో పనిచెయ్యలేదు, ఎదురుగా సిస్టర్ కనపడగానే ఫోను విసిరికొట్టేది. బ్లడ్ ఎక్కే ఆ మూడు నాలుగు గంటలకి మాత్రం ఫోను, చుక్కల లెక్క రెండూ కావాలి. గొట్టంలో పడే చుక్కలు నూరు దాకా లెక్కపెట్టడం బడికంటే ముందు అక్కడే నేర్చుకుంది.

అయిదుకి నాలుగు మార్కులు. ఒకటి తగ్గించింది ఆ ప్లాస్టర్ పీకేటప్పటి గొడవకి. సన్నటి నూగంతా ఊడొస్తుంది, సూది కంటే అదే నొప్పి అంటుంది. అంచులకి కొబ్బరినూనె రాసి నాననిస్తే కొంత నయం, కానీ ఆ జిడ్డంతా తుడిస్తేగాని సిస్టర్ చెయ్యి పట్టుకోదు. పీకే పని ఇప్పుడు తనకే అప్పగించా. మూడు లెక్కపెట్టి పీకాలని ఒప్పందం. ఒకటి, రెండు, రెండున్నర, రెండుంబావు, మళ్లీ రెండు...