ఏడేళ్లు జేబులో మోసిన తోలు ఒర

సైన్యంలో ఉద్యోగం ముగించుకొని విజయవాడ చేరిన తరువాత, గవర్నర్‌పేటలో మా బంధువుల నగల దుకాణంలో నగదు తెచ్చి పెట్టే బాధ్యత నాకు అప్పగించారు. ఆ పని కోసమే లైసెన్సు తీసుకొని, కాన్పూరు ఆయుధ కర్మాగారంలో తయారైన .32 బోరు రివాల్వర్ కొన్నాను. ఈ సమీక్ష మాత్రం ఆ రివాల్వర్ గురించి కాదు, 2018 మొదటి నెలల నుంచి నేటి వరకు దానిని నా ప్యాంటు కుడి జేబులో మోస్తున్న, చేత్తో కుట్టిన తోలు ఒర గురించి. తుపాకీ కొనేటప్పుడు పదిమందిని అడిగి, పది దుకాణాలు తిరిగిన వాళ్లు కూడా ఒర దగ్గరకు వచ్చేసరికి కౌంటరు మీద ఏది కనిపిస్తే అది తీసుకొని ఇంటికి వెళ్తారు. నేనూ మొదట అదే చేశాను.

నడుముకు కట్టుకునే ఒర మా పనికి పనికిరాదు. విజయవాడ ఎండలో పైన కోటు వేసుకునే మాట లేదు, చొక్కా బయటకు వదిలినా వంగినప్పుడల్లా ఉబ్బు కనిపిస్తుంది. బహిరంగ ప్రదేశంలో తుపాకీని ఒరలోనే ఉంచి తీసుకెళ్లాలని, బయటికి తీసి ప్రదర్శించరాదని 2016 నాటి ఆయుధాల నియమాలు చెబుతున్నాయి. వీటన్నిటికీ సరిపడేది జేబు ఒర ఒక్కటే. అది చేయవలసిన పనులు నాలుగు: ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి, తుపాకీ ఆకారం గుడ్డ మీద తేలకుండా చూడాలి, పిడి ఎప్పుడూ ఒకే దిక్కుగా నిలిచేలా పట్టుకోవాలి, తుపాకీని లాగినప్పుడు తాను మాత్రం జేబులోనే ఉండిపోవాలి. నాలుగవది తేలికగా కనిపిస్తుంది గానీ, చాలా ఒరలు తప్పేది అక్కడే.

నా మొదటి ఒర తపాలాలో వచ్చింది, ఖరీదు 650 రూపాయలు. పచ్చితోలు కుళ్లకుండా క్రోమ్ రసాయనంతో ఊనిన మెత్తటి తోలు, లోపల స్పంజి పొర, మిషను కుట్టు, పైన ఇత్తడి బటను పట్టీ. చేతికి పట్టులా ఉండేది. రెండు నెలలు తిరగకముందే ఆ బటను రుద్దుకొని, గుళ్లు కూర్చే సిలిండర్ మీది నల్లపూత లేచిపోయింది. స్పంజి చెమట పీల్చుకొని ఆరకుండా ఉండేది. ఒకనాడు ఇంట్లో, గుళ్లు తీసేసి అభ్యాసం చేస్తుండగా, రివాల్వర్‌తో పాటు ఒర కూడా గౌరవంగా బయటికి వచ్చి నా చేతిలో నిలబడింది. ఆ రోజే దానిని అటక మీదికి ఎక్కించాను.

వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వెనుక సందులో చెప్పులు, బెల్టులు కుట్టే ఒక పెద్దాయన ఉన్నారని దుకాణంలో చెబితే వెళ్లాను. ఆయన తండ్రి జట్కా గుర్రాలకు జీనులు, పట్టెడలు కుట్టిన మనిషి. జట్కాలు పోయినా ఆ కుట్టు మాత్రం ఇంట్లో మిగిలింది. నా మాట అంతా విని, “మిలిటరీ గారూ, ఒర కుడతాను గానీ, కొలతకు ఆ వస్తువు నా దగ్గర నాలుగు రోజులు ఉండాలే!” అన్నారు. అది కుదరదు. లైసెన్సు లేని వారి చేతిలో తుపాకీ విడిచిపెట్టడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నాకూ నేరమే, ఆయనకూ నేరమే. అట్టముక్క మీద గీసి ఇస్తే చాలదు, ఎందుకంటే తడి తోలును లోపల ఉన్న వస్తువు మీద ఒత్తి ఆరబెడితేనే ఒరకు ఆకారం నిలుస్తుంది.

ఈ చిక్కు కొండపల్లిలో తీరింది. బొమ్మలు చెక్కే ఒక కుటుంబం దగ్గర కూర్చొని, నేను పట్టుకెళ్లిన కొలతలు, నాలుగు వైపుల గీతలు చూపించి, రివాల్వర్ పరిమాణంలో ఒక కర్ర అచ్చు చెక్కించుకున్నాను. బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్రే. అది మెత్తన, తేలిక, ఉలికి ఇట్టే లొంగుతుంది. అంబారీ ఏనుగుల మధ్య ఆ అచ్చు ఆరుతూ ఉంటే చూసిన పిల్లలు నవ్వుకున్నారు. నీరు తాకకుండా రంగు పూత వేయించి, పైన పలుచటి పాలిథీన్ చుట్టి, దానిని పెద్దాయనకు అప్పగించాను. చేత్తో ఒర కుట్టించుకోదలచిన లైసెన్సుదారులందరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే: ముందు అచ్చు చేయించండి. నాకు దానికైన ఖర్చు ఒరకైన ఖర్చులో పావు వంతు కూడా లేదు, కానీ తరువాతి సంవత్సరాల్లో ఒరను రెండుసార్లు బతికించింది అదే.

తోలు విషయంలో పెద్దాయన పట్టుదల మనిషి. తంగేడు చెక్కతో (బెరడుతో), కరక్కాయతో ఊనిన తోలే కావాలని, చెన్నై పెరియమేడు బజారు నుంచి తెప్పించారు. క్రోమ్ తోలు ఎంత ఒత్తినా మళ్లీ రబ్బరులా లేచిపోతుందని, చెక్కతో ఊనిన తోలు మాత్రం తడిపి ఒత్తిన ఆకారాన్ని ఆరిన తరువాత విడిచిపెట్టదని ఆయన చెప్పిన మాట అక్షరాలా నిజమని వాడుకలో తేలింది. మందం రెండు మిల్లీమీటర్లకు కొంచెం పైన. నునుపు వైపు లోపలికి, గరుకు వైపు బయటికి పెట్టి కుట్టారు. గరుకు జేబు గుడ్డను పట్టుకుంటుంది, నునుపు తుపాకీని వదులుతుంది. ఆరెతో ముందే తూట్లు పొడిచి, తేనెమైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, ప్రతి తూటులో రెండూ ఎదురెదురుగా దాటేలా కుట్టిన కుట్టు అది. మిషను కుట్టులో ఒక పోగు తెగితే వరుసంతా ఊడుతుంది. ఈ కుట్టులో ఒక చోట దారం అరిగి తెగినా రెండో పోగు పట్టుకొని ఉంటుంది. నా ఒర అడుగు మూల దగ్గర నాలుగేళ్ల కిందట సరిగ్గా అలాగే ఒక పోగు తెగింది, ఇప్పటికీ పక్క కుట్టు కదలలేదు. వెనుక వైపు పైన చిన్న కొక్కెంలాంటి తోలు నాలుక వదిలారు. రివాల్వర్‌ను కాస్త వెనక్కు వంచి లాగితే అది జేబు అంచుకు తగులుకొని ఒరను ఆపేస్తుంది. మొత్తం 1,800 రూపాయలు తీసుకున్నారు. బేరం ఆడలేదు.

ఒర ఒక్కటి బాగుంటే చాలదని తరువాత తెలిసింది. ఏడు వందల గ్రాముల బరువు మామూలు ప్యాంటు జేబులో పడితే గుడ్డ కిందికి సాగి, నడిచేటప్పుడు తొడకు కొట్టుకుంటుంది. మా దర్జీ చేత కుడి జేబు సంచిని మందపాటి కాటన్ గుడ్డతో, రెండు అంగుళాలు వెడల్పుగా కుట్టించుకోవడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది. ఆ జేబులో ఇంకేదీ ఉండకూడదు, తాళం చెవి గానీ, చిల్లర గానీ. ఇక కూర్చున్నప్పుడు జేబులోంచి తుపాకీ తీయడం దాదాపు అసాధ్యమన్నది ఈ రకం ఒరలన్నిటి లోపం. ఆటోలో వెళ్తున్నంతసేపూ నా దగ్గర ఆయుధం ఉన్నట్టు కాదు, బరువు ఉన్నట్టు లెక్క.

సంరక్షణలో నేను చేసిన పెద్ద తప్పు మొదటి ఏడాదే జరిగింది. తోలు ఎండిపోతుందేమోనన్న భయంతో, మా అమ్మ చెప్పులకు రాసినట్టు, వారం వారం కొబ్బరినూనె రాశాను. రంగు చక్కగా నల్లబడింది, నేనూ మురిసిపోయాను. మూడు నెలలకు ఒర మూతి మెత్తబడి, తుపాకీ తీయగానే లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. దీనిలోని ప్రమాదం చూడగానే అర్థం కాదు. ముడుచుకున్న తోలు అంచు, రివాల్వర్‌ను తిరిగి లోపలికి దోస్తున్నప్పుడు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డులోకి దూరితే, వేలు చేయవలసిన పని తోలు చేసేస్తుంది. పట్టుకెళ్లి చూపిస్తే పెద్దాయన వాసన చూసి, “కూరలో వేశారా ఏంటి దీన్ని?” అని మండిపడ్డారు. ఒరకు నూనె మందు కాదని, మెత్తదనం చెప్పుకు అందమైతే ఒరకు చావని ఆయన చెప్పారు. మూతి చుట్టూ అదనంగా ఒక తోలు పట్టీ వేసి బిగించి, కర్ర అచ్చు మీద మళ్లీ ఒత్తి ఇచ్చారు. అప్పటి నుంచి ఏడాదికి రెండుసార్లు, అది కూడా బయటి వైపు మాత్రమే, గోరంత రంగులేని తోలు క్రీము పలుచగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేస్తున్నాను. అంతకు మించి ఏమీ రాయను.

రాత్రిపూట రివాల్వర్‌ను ఒరలో ఉంచి బీరువాలో పెట్టడం మరో అలవాటు, చాలామందిలో చూశాను. పగలంతా పీల్చుకున్న చెమట, దానిలోని ఉప్పు, తోలును ఊనిన కషాయపు పులుపు అన్నీ కలిసి ఇనుమును మెల్లగా తింటాయి. ఒక వానాకాలం పది రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి బారెల్ పక్కన ఎర్రటి తుప్పు గీత కనిపించింది. తోలు సంచిలో పెట్టిన గుళ్ల ఇత్తడికి పచ్చటి చిలుము పట్టింది. ఇప్పుడు ఇంటికి రాగానే రివాల్వర్ తుడిచి తాళం పెట్టెలోకి, ఒర గాలి తగిలే చోటికి వెళ్తాయి. 2019లోనూ, 2024లోనూ ఎన్నికల నియమావళి రాగానే తుపాకీని ఠాణాలో జమ చేయవలసి వచ్చింది. మొదటిసారి ఖాళీ ఒరను బట్టల కింద పెట్టాను, అప్పడంలా అణిగిపోయింది. రెండోసారి కర్ర అచ్చును లోపల పెట్టి ఉంచాను, మళ్లీ తుపాకీ చేతికి వచ్చేదాకా ఏ మార్పూ లేదు.

ఇక 2024 సెప్టెంబరు. బుడమేరు వాగుకు గండ్లు పడి మా సింగ్‌నగర్ మునిగినప్పుడు మాది కింది అంతస్తు. లైసెన్సు పుస్తకం, రివాల్వర్, మందుల సంచి, కర్ర అచ్చు ఉన్న అట్టపెట్టె పట్టుకొని పై అంతస్తుకు ఎక్కాం గానీ, ఒర మంచం కింది సొరుగులోనే ఉండిపోయింది. నీరు తగ్గి ఇంట్లో అడుగు పెట్టేసరికి అయిదారు రోజులైంది. బురదలోంచి తీసినప్పుడు అది తడిసిన అట్టముక్కలా ఉంది. మా అబ్బాయి పారేయమన్నాడు.

నేను చేసిన పని ఇది. మంచినీటిలో రెండుసార్లు ముంచి, మెత్తటి బ్రష్షుతో బురద వదిలించాను. ఎండలో పెట్టలేదు, జుట్టు ఆరబెట్టే యంత్రం దగ్గరికి రానివ్వలేదు, ఎందుకంటే తడి తోలుకు వేడి తగిలితే ముడుచుకొని పెళుసుగా విరుగుతుంది. కర్ర అచ్చుకు కొత్త పాలిథీన్ చుట్టి లోపలికి దూర్చి, ట్రిగ్గర్ గార్డు చుట్టూ, సిలిండర్ కింద గరిటె కాడ గుండ్రటి కొసతో ఒత్తి, పాత వార్తాపత్రికల మీద నీడలో పెట్టాను. రోజుకు రెండుసార్లు కాగితాలు మార్చాను. పూర్తిగా ఆరడానికి తొమ్మిది రోజులు పట్టింది. తరువాత ఒక్కసారి పలుచగా క్రీము రాశాను. రంగు మచ్చలు మచ్చలుగా మారింది, మూతి కొద్దిగా బిగిసింది. అయినా ఖాళీ రివాల్వర్‌తో వంద సార్లు పెట్టి తీసి చూసిన తరువాత, ట్రిగ్గర్ కప్పు గానీ, పట్టు గానీ ఎక్కడా తగ్గలేదని నిర్ధారించుకొని తిరిగి వాడుకలోకి తెచ్చాను.

శ్రావణ భాద్రపదాల్లో తెల్లటి బూజు పడుతూనే ఉంటుంది. దానికి పొడిగుడ్డ, ఫ్యాను గాలి చాలు. రెండు నెలల కిందట మూతి మీది ఆ పట్టీ కుట్టు సడలడం గమనించి, బాగు చేయించడం కన్నా కొత్తది కుట్టించుకోవడమే క్షేమమని పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయనకు చూపు మందగించింది, తూట్లు ఆయన పొడిస్తే సూది మనవడు నడుపుతున్నాడు. ఈసారి కొక్కెం అర అంగుళం పొడుగు పెట్టమని, మూతి పట్టీ మొదటి నుంచే వేయమని చెప్పి, అచ్చు అక్కడే వదిలి వచ్చాను. తోలు ఇంకా పెరియమేడు నుంచి రావాలి.