అలాస్కా ఓడలో గది ఎక్కడ తీసుకోవాలి: రెండు గదులు, ఏడు రాత్రులు

సియాటిల్‌లో బయలుదేరి జూనో, స్కాగ్వే, గ్లేసియర్ బే, కెచికాన్ చూపించి, చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగి, మళ్లీ సియాటిల్‌కే చేర్చే ఏడు రాత్రుల అలాస్కా యాత్రకు మేము నలుగురం జూన్ నెలలో వెళ్లి వచ్చాము. ఓడ పేరు, సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయేవి ఆ ఒక్క ఓడకే చెందిన లోపాలు కావు. ఒకే ఓడలో వేర్వేరు చోట్ల ఉన్న రెండు గదుల మధ్య మేము చూసిన తేడాలు. భోజనం గురించి, వినోద కార్యక్రమాల గురించి రాసేవారు చాలామందే ఉన్నారు కనుక ఈ సమీక్షను గదికే పరిమితం చేస్తున్నాను.

అమ్మానాన్నలకు 14వ డెక్కు (ఓడలో అంతస్తును డెక్కు అంటారు) మీద, ఓడ ముందు భాగానికి దగ్గరగా బాల్కనీ ఉన్న గది తీసుకున్నాను. మా దంపతులకు 5వ డెక్కు మీద, సరిగ్గా ఓడ నడిమధ్యన, తెరవడానికి వీలులేని గుండ్రటి కిటికీ ఉన్న గది చాలనుకున్నాను. పెద్దవాళ్లు కూర్చున్నచోటి నుంచే కొండలూ మంచూ చూస్తారు, మేము ఎలాగూ బయటే తిరుగుతాము అన్న లెక్కతో ఎక్కువ డబ్బు వాళ్ల గదికే పెట్టాను. హైదరాబాదులో ఫ్లాటు కొనేటప్పుడు పై అంతస్తుకు, మంచి ముఖానికి ఎక్కువ ఇచ్చినట్టే ఇక్కడా ఇచ్చాను. ఫ్లాటు కదలదన్న సంగతి అప్పుడు తోచలేదు.

సియాటిల్ నుంచి వెళ్లే పెద్ద ఓడలు సాధారణంగా హువాన్ డి ఫూకా జలసంధి దాటగానే వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపున, అంటే పసిఫిక్ మహాసముద్రపు బహిరంగ జలాల్లోకి ప్రవేశిస్తాయి. అదే కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి బయలుదేరితే ద్వీపానికి తూర్పున, రెండు వైపులా నేల అడ్డుగా ఉన్న ప్రశాంతమైన నీటిలో ప్రయాణం మొదలవుతుంది. అందుచేత సియాటిల్ యాత్రకు గది స్థానం మరింత ముఖ్యమవుతుంది. మొదటి రాత్రి దాదాపు పన్నెండు గంటలకు ఓడ ముందూ వెనుకలుగా ఊగడం మొదలైంది. 5వ డెక్కులో అది మాకు ఉయ్యాల ఊపులా అనిపించింది. 14వ డెక్కులో నాన్నగారు మంచం పట్టె పట్టుకుని తెల్లవార్లూ మెలకువగా ఉన్నారు.

కారణం కష్టమైనదేమీ కాదు. ఏతాం పనిచేసేటప్పుడు దూలం కొసలు ఎంతో ఎత్తుకు లేచి దిగుతాయి కానీ ఇరుసు దగ్గర కదలికే కనిపించదు. దాదాపు మూడు వందల మీటర్ల ఓడ కెరటం మీద ముందుకూ వెనక్కూ ఊగినప్పుడు కూడా అంతే, రెండు చివరలకూ కదలిక ఎక్కువ, మధ్యలో తక్కువ. ఇక పక్కలకు ఒరిగే ఊపు పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. ఈ రెండో ఊపును తగ్గించడానికి ఓడ అడుగున చేప రెక్కల్లాంటి స్థిరీకరణ ఫలకాలు ఉంటాయి. మొదటి రకం ఊపును అవి పెద్దగా ఆపలేవు. ముందు భాగంలోనూ, పై అంతస్తులోనూ ఉన్న గదిని ఎంచి నేను నాన్నగారికి రెండు ఇబ్బందులనూ కలిపి ఇచ్చానన్నమాట. మా అమ్మది కోనసీమ. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటుతూ పెరిగిన మనిషి. మర్నాడు ఉదయం ఆవిడ, ‘అణియంలో, పడవ ముందు కొసన, కూర్చుంటే తల తిరుగుతుందిరా, పడవలో నడిమధ్యే కూర్చోవాలి, ఇంత చదివావు ఆ మాత్రం తెలియదా’ అన్నారు. నేను ఆరు నెలల పాటు చూసిన వీడియోలన్నింటి సారమూ అదే.

ఊపు కన్నా మమ్మల్ని ఎక్కువగా బాధించినది చప్పుడు. 14వ డెక్కుకు సరిగ్గా పైన ఈత కొలను, దాని చుట్టూ వాలు కుర్చీలు ఉన్నాయి. తెల్లవారుజామున అయిదు గంటలకు సిబ్బంది నేల కడిగి, కుర్చీలను ఈడ్చి వరుసగా సర్దుతారు. రాత్రి పొద్దుపోయాక మళ్లీ ఈడ్చి ఒక పక్కకు చేరుస్తారు. ఉక్కు నేల మీద ఆ ఈడ్పు కింది గదిలో ఎలా వినిపిస్తుందో పడుకున్నవారికే తెలియాలి. ఇందులో సిబ్బంది తప్పేమీ లేదు, వారి పని వారు చేస్తున్నారు. అటువంటి గదికి కూడా, పై అంతస్తు అన్న పేరు మీద, నా చేత ఎక్కువ డబ్బు పెట్టించిన పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు. బఫే కింద ఉన్న గదులకు తోపుడు బండ్ల చప్పుడు, నాటకశాలకో నృత్యశాలకో మీద ఉన్న గదులకు రాత్రి పాట, కొస ముందు గదులకు లంగరు దింపే గొలుసు మోత, రేవులో ఓడను పక్కకు నెట్టే యంత్రాల అదురు, కొస వెనుక గదులకు చోదక యంత్రాల ప్రకంపన: ప్రతిచోటికీ దాని బాధ దానికి ఉంది. పైనా కిందా కూడా గదులే ఉన్న అంతస్తు ఒక్కటే ఈ బెడద చాలా వరకు లేనిది.

ఈ సంగతి కొనే ముందే తెలుసుకోవచ్చు. సంస్థలన్నీ ప్రతి డెక్కు పటాన్నీ తమ వెబ్‌సైటులో పెడతాయి. గది ఉన్న డెక్కు పటాన్ని మాత్రమే చూసి ఊరుకోకుండా, దాని పై డెక్కునూ కింది డెక్కునూ తెరిచి, లిఫ్టులను ఆనవాలుగా పెట్టుకుని మన గది ఎక్కడికి వస్తుందో సరిచూడాలి. పటంలో పేరు లేకుండా ఖాళీగా వదిలేసిన భాగాలను అనుమానించండి. అవి చాలాసార్లు వంటశాలలో, సామాను గదులో, సిబ్బంది మెట్లో అయి ఉంటాయి. రెండు గదులను కలిపే లోపలి తలుపు గుర్తు ఉంటే ఆ గదిని వదిలేయడం మేలు. ఆ తలుపు గుండా పక్కవారి టీవీ మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. కిటికీకి ఎదురుగా ప్రాణరక్షక పడవలు వేలాడే గదులను ‘దృశ్యానికి అడ్డు ఉన్నవి’ అని చెప్పి తక్కువకు ఇస్తారు. వెలుతురు చాలు, దృశ్యం అక్కరలేదు అనుకునేవారికి అవి మంచి బేరమే.

రెండో రోజు మధ్యాహ్నానికి గదులు మార్చుకున్నాము. అత్యవసర సమయంలో ఎవరు ఎక్కడికి చేరాలన్నది గదిని బట్టి ఉంటుంది కనుక రిసెప్షనులో చెప్పే మార్చుకున్నాము. వారు ఏ పేచీ పెట్టకుండా కొత్త కార్డులు ఇచ్చారు. అమ్మ మోకాళ్లకు కూడా ఈ మార్పు కలిసివచ్చింది. 14వ డెక్కు గది నుంచి లిఫ్టుకు సన్నటి వసారాలో చాలా దూరం నడవాలి. 5వ డెక్కులో లిఫ్టు నాలుగు గుమ్మాల అవతలే ఉంది. లిఫ్టుకు దగ్గరైతే జనం సందడి ఉంటుందేమోనని భయపడ్డాను కానీ లిఫ్టులు వసారాకు పక్కగా వేరే ఆవరణలో ఉండటం వల్ల ఆ ఇబ్బంది రాలేదు.

ఎడమ వైపా, కుడి వైపా అన్న ప్రశ్నకు చాలామంది అవసరానికి మించిన ప్రాముఖ్యం ఇస్తున్నారు. వాంకూవర్ నుంచి ఉత్తరానికి వెళ్లి అక్కడే దిగిపోయే ఒకవైపు యాత్రలో నేల కుడి వైపున ఎక్కువగా కనిపిస్తుంది, తిరుగు దిశలో అయితే ఎడమ వైపున. వెళ్లి వచ్చే యాత్రలో ఈ తేడా దాదాపు సమానమైపోతుంది. గ్లేసియర్ బేలో ముఖద్వారం నుంచి హిమానీనదాల వరకు సుమారు 65 మైళ్లు లోపలికి వెళ్లాలి. రోజుకు రెండు పెద్ద ఓడలకు మాత్రమే అనుమతి ఉంటుంది కనుక తొందర ఉండదు. మార్జరీ హిమానీనదం ఎదుట ఓడ ఆగి, రెండు వైపుల వారికీ కనిపించేలా నెమ్మదిగా తన చుట్టూ తాను తిరిగింది.

బాల్కనీ దండగ అని మాత్రం అనలేను. ఆ ఒక్క రోజు నలుగురమూ 14వ డెక్కు బాల్కనీలోనే దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాము. గ్లేసియర్ బే జాతీయ పార్కు రేంజర్లు ఓడ ఎక్కి మైకులో చెబుతున్న విషయాలను నేను తెలుగులో చెబుతూ ఉండగానే, మంచు గోడ నుంచి ఒక పలక విరిగి నీళ్లలో పడింది; ముందు పడటం కనిపించింది, ఆ తరువాత గాని ఉరుములాంటి మోత వినిపించలేదు. ‘పైన డెక్కు మీద ఆ గాలిలో నిలబడగలిగేవాళ్లమా’ అన్నారు నాన్నగారు. మిగిలిన ఆరు రోజుల్లో అన్నీ కలిపి ఆ బాల్కనీలో గడిపినది మూడు గంటలకు మించదు. జూన్‌లో జూనోలో రాత్రి పది వరకు వెలుతురు ఉంటుంది, తెల్లవారుజామున నాలుగు గంటలకే మళ్లీ వస్తుంది కనుక, చీకటి లేనిదే నిద్రపట్టని వారికి కిటికీ లేని లోపలి గది కూడా చిన్నచూపు చూడదగినది కాదు.

‘గ్యారంటీ’ పేరుతో, గది సంఖ్యను సంస్థే తరువాత నిర్ణయించే చవక టికెట్టు గురించి ఒక మాట. కుర్రవాళ్లకు అది పరవాలేదు. పెద్దవారితో వెళ్లేవారు దాని జోలికి పోవద్దు. వచ్చిన గదిని మార్చమంటే సాధారణంగా మార్చరు.

విక్టోరియాకు వచ్చే దారిలో మళ్లీ అదే బహిరంగ సముద్రం. ఈసారి 14వ డెక్కులో మేమిద్దరమే ఊగాము. వచ్చే ఏడాది అత్తమామలను తీసుకువెళ్లడానికి ఇప్పటికే గదులు చూసి పెట్టాను: 8వ డెక్కు, లిఫ్టుకు కొంచెం వెనకగా, పైన గదులు, కింద గదులు, ఒక దానికి మాత్రమే బాల్కనీ. అమ్మకు ఫోను చేసి పటం చూపిస్తే, నడిమధ్యకు ఇంకో రెండు గదులు ఇవతలకు జరపమన్నారు, జరిపాను.