సీడు వేసిన నాటి నుంచి పట్టుబడి దాకా: రోజుల లెక్కకు ఏది మేలు?

మా బాబాయ్ రొయ్యల చెరువు పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర. సీడు, అంటే రొయ్య పిల్లల్ని వేసింది 2024 మార్చి 12 సాయంత్రం ఆరింటికి, పట్టుబడి, అంటే రొయ్యలు పట్టింది జూన్ 25 తెల్లవారుజామున ఐదింటికి. "పంట ఎన్నాళ్లు పట్టిందిరా?" అని అడిగాడు. లాప్‌టాప్‌లో నాలుగు రకాలుగా లెక్కేస్తే 103, 104, 105, 106 వచ్చాయి. నాలుగూ సరైనవే. రోజు అంటే ఏమిటన్న దగ్గరే తేడా.

చెరువు లెక్కకి నా ఓటు 105కే, అంటే మామూలు తీసివేతకి. ఎక్సెల్ ప్రతి తేదీనీ లోపల ఒక వరుస సంఖ్యగా దాచుకుంటుంది; 1900 జనవరి 1 దానికి 1. అందుకే పట్టుబడి గడిలోంచి సీడు గడిని తీసేస్తే చాలు. జవాబు తేదీలా కనిపిస్తే గడి ఫార్మాట్ నంబర్‌కి మార్చాలి. గడిలో టైము కూడా రాస్తే 104.46 వస్తుంది, కాబట్టి తేదీ ఒక్కటే ఉంచండి. సీడు వేసిన రోజునే ఒకటో రోజుగా పెట్టుకుని మేత వేసేవాళ్లు ఒకటి కలుపుకోవాలి, అదే 106.

రెండు తేదీల తేడా చెప్పే ఎక్సెల్ ఫార్ములా డేట్‌డిఫ్ కూడా 105 అనే చెబుతుంది. కానీ తేదీలు తిరగబడితే అది ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. తీసివేతలో అయితే మైనస్ 105 వస్తుంది, ఏ గడి ఎక్కడికి మారిందో చూడగానే తెలుస్తుంది. పైగా నెలలు పోగా మిగిలిన రోజులు చెప్పే దాని "ఎండీ" పద్ధతిని వాడొద్దని మైక్రోసాఫ్టే అంటోంది.

103 ఇచ్చింది డేస్360 అనే ఇంకో ఎక్సెల్ ఫార్ములా. దానికి ప్రతి నెలా 30 రోజులే. చెరువుకి పనికిరాదు గానీ, వడ్డీకి మన ఊళ్లలో వేసే లెక్క ఇదే. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే, మూడు నెలల పదమూడు రోజులకి 6,867 రూపాయలు. అదే 105ని 30తో భాగించి కడితే 7,000. నోటు రాసేటప్పుడే ఏ లెక్కో మాట్లాడుకోవడం మంచిది.

చెరువులు పదుల్లో ఉంటే పైథాన్ ప్రోగ్రామింగ్‌లో పట్టికల లెక్కలకి వాడే పాండాస్ హాయి, కానీ 104 దాని దగ్గర్నుంచే వచ్చింది. టైముతో సహా తీసివేత చేసి, నిండిన 24 గంటలనే రోజుగా లెక్కపెడుతుంది. ముందు తేదీల్లోంచి టైము తొలగిస్తే 105కి వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ ఇందుకు సరిగ్గా ఎదురు: రాత్రి 11:59 నుంచి 12:01కి రెండు నిమిషాలే అయినా, తేదీ మారింది కాబట్టి ఒక రోజు అంటుంది. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ కూడా టైము చూడదు, అయితే అందులో ముగింపు తేదీ ముందు రాయాలి.

ఈ ఒకటీ రెండు రోజుల తేడాతో పంట తలకిందులవదు. అసలు దెబ్బ తేదీ రాసే తీరులో ఉంది. మాకు అది ఒకసారి తగిలింది. 05/03/2024న సీడు, 10/06/2024న పట్టుబడి, 50 కౌంట్, అంటే కిలోకి 50 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. మార్చి 5 నుంచి జూన్ 10కి 97 రోజులు. ఆ లాప్‌టాప్‌లో సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంది, నెల ముందు చదివేస్తుంది. మే 3 నుంచి అక్టోబర్ 6 అనుకుని 156 వేసింది. రోజుకి 0.21 గ్రాములు పెరిగిన రొయ్య, కాగితం మీద 0.13 దగ్గర ఆగిపోయింది. సీడే మంచిది కాదని వారం రోజులు బాధపడ్డాం.

12 దాటిన తేదీ అయితే దొరికిపోతుంది. 25వ నెల లేదు కాబట్టి 25/06ని అక్షరాలుగానే వదిలేస్తుంది, మనం కదపకపోతే అది గడిలో ఎడమవైపు ఉండిపోతుంది, అసలు తేదీలు కుడివైపు ఉంటాయి. 12 లోపు తేదీలకి ఆ గుర్తు కూడా ఉండదు. పాండాస్‌లో రోజు ముందని చెప్పే డేఫస్ట్ ఉన్నా అది గట్టి నియమం కాదు, ఫార్మాట్ పూర్తిగా రాసివ్వడమే నయం.

ఇప్పుడు బాబాయ్ పుస్తకంలో నెల పేరు అక్షరాల్లో రాస్తాడు: 5 మార్చి 2024. నేను షీట్‌లోకి ఎక్కించేటప్పుడు ఏడాది ముందు పెట్టి 2024-03-05 అని కొడతాను.