హెచ్‌ఏప్రాక్సీ: చాలా ఏళ్ల వాడకం తర్వాత

విల్లీ టారో 2001లో తొలిసారి విడుదల చేసిన హెచ్‌ఏప్రాక్సీని, అంటే వచ్చే అభ్యర్థనలను వెనుక ఉన్న అనేక సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్‌ను, నేను 1.4 వెర్షన్ కాలం నుంచి లినక్స్ సర్వర్ల మీద నడుపుతున్నాను. ఇన్నేళ్లలో దాన్ని వదిలి మరొకదానికి మారాలని అనిపించకపోవడానికి వేగం ఒక కారణమే గానీ ముఖ్య కారణం కాదు. ఆలస్యం ఎక్కడ జరిగిందో ఇంత తేటగా చెప్పే లోడ్ బ్యాలెన్సర్ నాకు ఇంకొకటి దొరకలేదు.

హెచ్‌టీటీపీ లాగ్‌లో ప్రతి అభ్యర్థనకూ ఐదు సమయాలు వరుసగా నమోదవుతాయి. ఉదాహరణకు 0/0/1/2743/2744 అని ఉంటే, క్యూలో నిరీక్షణ ఏమీ లేదనీ, వెనుక ఉన్న సర్వర్‌తో కనెక్షన్ ఒక్క మిల్లీసెకనులోనే కుదిరిందనీ, ఆ సర్వర్ జవాబు మొదలుపెట్టడానికే 2743 మిల్లీసెకన్లు పట్టిందనీ అర్థం. అదే వరుసలో కనెక్షన్ ముగిసిన తీరును తెలిపే అక్షరాలుంటాయి: అక్కడ చిన్న అక్షరపు ఎస్ ఉంటే సర్వర్ వైపు గడువు తీరిందని, పెద్ద అక్షరపు ఎస్ ఉంటే సర్వరే కనెక్షన్‌ను తెంచేసిందని. నెట్‌వర్క్ బృందానికీ అప్లికేషన్ బృందానికీ మధ్య గంటల తరబడి సాగాల్సిన వాదులాట ఈ ఒక్క వరుసతో తేలిపోవడం చాలాసార్లు చూశాను.

2014లో వచ్చిన 1.5తో ఎస్ఎస్ఎల్ (కనెక్షన్‌లో వెళ్లే సమాచారాన్ని గుప్తీకరించే పద్ధతి) లోపలికే వచ్చింది కాబట్టి, దాని ముందు వేరే ప్రోగ్రాం పెట్టుకునే అవస్థ తప్పింది. అయితే నా దృష్టిలో అసలు మలుపు 2017 నవంబరు నాటి 1.8. అంతకుముందు ప్రాసెసర్‌లోని అన్ని కోర్లనూ వాడుకోవాలంటే అనేక ప్రాసెస్‌లు, అంటే అదే ప్రోగ్రాంకు విడివిడి ప్రతులు, నడపాల్సి వచ్చేది. ప్రతి ప్రాసెస్‌కూ దాని లెక్కలు దానివే, సర్వర్లు పనిచేస్తున్నాయో లేదో చూసే ఆరోగ్య పరీక్షలు దానివే కావడంతో, వెనుక సర్వర్లకు అన్ని రెట్ల పరీక్షలు వెళ్లేవి. 1.8లో థ్రెడ్లు, అంటే ఒకే ప్రాసెస్ అన్ని కోర్లనూ వాడుకునే వీలు, వచ్చాక ఆ గొడవ పోయింది. రీలోడ్ (మారిన సెట్టింగ్‌లతో కొత్త ప్రాసెస్ మొదలుపెట్టడం) సమయంలో కనెక్షన్లు జారిపోకుండా, లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్‌తో సిన్ ప్యాకెట్లను (కొత్త కనెక్షన్ కోరే సందేశాలను) కాసేపు ఆపే చిట్కా కూడా, కొత్త ప్రాసెస్ పాతదాని నుంచి సాకెట్లను (కనెక్షన్లు వచ్చే ద్వారాలను) నేరుగా అందుకోవడం మొదలయ్యాక, అనవసరమైంది.

లోపాలు లేవని కాదు. రీలోడ్ తర్వాత పాత ప్రాసెస్ తన కనెక్షన్లన్నీ ముగిసేదాకా బతికే ఉంటుంది. వెబ్‌సాకెట్లు (చాలాసేపు తెరిచే ఉండే కనెక్షన్లు) ఎక్కువగా ఉన్నచోట తరచూ రీలోడ్ చేస్తే పాత ప్రాసెస్‌లు పేరుకుపోయి మెమరీని తినేస్తాయి. దీనికి గరిష్ఠ గడువు పెట్టే సెట్టింగ్ ఉంది గానీ, అది అడగకుండా అమలులోకి రాదు. 2.6లో క్విక్ (హెచ్‌టీటీపీ/3 వాడే రవాణా పద్ధతి) మద్దతు వచ్చిన కొత్తలో, దానికోసం తగిన ఎస్ఎస్ఎల్ లైబ్రరీతో సొంతంగా బిల్డ్ చేసుకోవలసి రావడం కూడా చికాకే అయింది.

సరిసంఖ్య వెర్షన్లకు ఐదేళ్ల మద్దతు ఉంటుంది కనుక నేను వాటినే వాడతాను. పాత పద్ధతులను తొలగించే ముందు హెచ్చరించే అలవాటు ఈ డెవలపర్లకు ఉంది: బహుళ ప్రాసెస్‌ల సెట్టింగ్‌ను 2.5లో తీసేశారు గానీ, 2.3 నుంచే హెచ్చరిక వచ్చేది. అందుకే కాన్ఫిగరేషన్ తనిఖీలో కనిపించే ప్రతి హెచ్చరికనూ తప్పుగానే పరిగణించి, అప్పుడే సరిచేసుకోవడం మేలు. సాధారణ యూడీపీ (ముందుగా కనెక్షన్ కుదుర్చుకోకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) సేవల భారాన్ని పంచడం మాత్రం దీనితో కుదరదు. ఆ పనికి నేను లినక్స్ కర్నెల్‌లోనే ఉన్న ఐపీవీఎస్ అనే లోడ్ బ్యాలెన్సర్‌ను వాడుతున్నాను.